ముందు టైర్ల మాట

అతను చేసిన పళ్ళతో ఎంతమంది నవ్వుతున్నారో అతనికే తెలియదు. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే, వాటిని చూసి మైనంతో పన్ను చెక్కి, పింగాణీ పొర మీద పొర వేసి, పక్క పన్ను రంగుకు సరిపోయేలా కాల్చి ఇచ్చే ల్యాబ్‌లో అతనిది ఉద్యోగం. దవడ పళ్ళు ఎవరికైనా ఇచ్చేవారు. ముందు పళ్ళు మాత్రం అతని బల్ల మీదికే వచ్చేవి. మనిషి నోరు తెరవగానే కనిపించేవి అవే కాబట్టి, వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం ముందు దొరికిపోతుంది.

రోజంతా కదలకుండా కూర్చుని చేసే పని కావడం వల్లనేమో, ఆదివారం వచ్చిందంటే అతనికి వేగం కావాల్సి వచ్చేది. ఇంటి వెనక గదిలో, తుక్కు కొట్టు నుంచి తెచ్చిన కారు సీటును చెక్క పలకకు బిగించి, ఎదురుగా స్టీరింగు, కాళ్ళ దగ్గర పెడళ్ళు, ముందు పెద్ద తెర పెట్టుకున్నాడు. రేసు కారు సిమ్యులేటర్ అన్నమాట. తెర మీద ట్రాక్ పరుగెడుతుంటే చేతిలో స్టీరింగు నిజం బండిలాగే బరువెక్కేది, తేలికయ్యేది. ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని ఇరవై మంది దాకా ఒకే ట్రాక్ మీద పోటీపడేవాళ్ళు. ఆ లీగ్‌లో అతన్ని అందరూ పళ్ళ మేస్త్రి అనేవాళ్ళు. అతని భార్య మాత్రం ఆ గదిని గ్యారేజీ అనేది. "గ్యారేజీ మూసి భోజనానికి వస్తారా, లేక అక్కడికే టైర్లు వేయించి పంపమంటారా?" అని వంటింట్లోంచి కేకేసేది.

ఆ ఏడు అతను కొత్త స్టీరింగు కొన్నాడు. పాతదానికంటే ఎన్నో రెట్లు బలమైనది. దానితోపాటే కొత్త పట్టుదలా వచ్చింది. మూడో స్థానంలో ఉన్నవాడు మొదటి స్థానానికి ఎక్కాలంటే ల్యాపులో, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టులో, ఎక్కడో కాస్త సమయం మిగలాలి. మలుపుల ముందు బ్రేకు ఇంకొంచెం ఆలస్యంగా వేస్తే మిగులుతుందని లెక్క వేసుకున్నాడు.

మిగలలేదు సరికదా, ఉన్నదీ పోయింది. ఆ ట్రాక్‌లో ఏడో మలుపు ఒకటుంది. పొడుగాటి తిన్నని దారి చివర, కుడివైపుకి ఎంతకీ తెగకుండా తిరుగుతూనే ఉంటుంది. అక్కడికి రాగానే స్టీరింగు అతని చేతుల్లో గడగడా వణికేది. గట్టిగా పట్టుకునేవాడు. ఇంకా వణికేది. బండి ముక్కు లోపలికి రానని మొండికేసి, బయట గడ్డి వైపు జారిపోయేది. ల్యాపు సమయం ఆదివారం ఆదివారానికీ పెరుగుతూ పోయింది. మూడో స్థానం ఐదైంది, ఐదు తొమ్మిదైంది.

ఒక ఆదివారం రేసు అయిపోయాక, సీట్లోంచి లేవకుండానే కుడిచెయ్యి ముందుకు చాపి చూసుకున్నాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

అతనికి తండ్రి గుర్తొచ్చాడు.

అతని తండ్రి దుకాణాల బోర్డులు రాసేవాడు. నిచ్చెన మీద నిలబడి, స్కేలు లేకుండా, ఒక్క విసురులో అక్షరం తోక తిప్పి దింపేవాడు. నలభై దాటాక ఆ తోకలు వంకర్లు పోవడం మొదలైంది. రంగు పల్చగా ఉందన్నాడు. కుంచె పాడైందన్నాడు. నిచ్చెన ఊగుతోందన్నాడు. ఏడాదిపాటు ఏదో ఒకటి అన్నాడు, తర్వాత ఏమీ అనకుండా ఇంట్లో కూర్చున్నాడు. నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. పిల్లలు చూస్తున్నారని తెలిస్తే ఒక చేత్తో పట్టుకోబోయి చొక్కా తడుపుకునేవాడు. అందుకని అక్కా తమ్ముడూ ఆయన నీళ్ళు తాగేటప్పుడు చూపు పక్కకు తిప్పుకోవడం అలవాటు చేసుకున్నారు. ఆయన పోయి చాలాకాలమైంది. ఆ చూపు తిప్పుకోవడం గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు అతనికి నలభై మూడు.

ఆనాటి నుంచి అతను తన చేతికి తానే కాపలా కాశాడు. టీ సగం కప్పే పోయించుకున్నాడు. సంతకం చెయ్యాల్సి వస్తే బల్లకు మోచెయ్యి ఆనించి చేశాడు. ల్యాబ్‌లో కళ్ళు మంటలని చెప్పి ముందు పళ్ళన్నీ పక్క బల్ల వాడికి తోసేశాడు. ల్యాబ్ ఓనర్‌కి ఇది నచ్చలేదు.

"ఏంటయ్యా, ముందు పళ్ళంటే విరక్తి పుట్టిందా నీకు?"

"కళ్ళు సార్. మంటలు."

"అయితే అద్దాలు మార్పించుకో. నిన్న నీ పక్క బల్ల వాడు చేసిన పన్ను డాక్టర్ తిప్పి పంపాడు. అది పన్నులా లేదు, గులకరాయిలా ఉందట."

తలొంచుకుని దవడ పన్ను ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. కంటి మీద కునుకు లేక టీలు ఎక్కువయ్యాయి. టీలు ఎక్కువయ్యాక చెయ్యి ల్యాబ్‌లో కూడా ఒకటి రెండుసార్లు అదిరింది. దాంతో ఉన్న కాస్త నిద్రా పోయింది.

చివరికి ఒక సాయంత్రం ల్యాబ్ మెట్ల మీద కూర్చుని అక్కకి ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావు, పిల్లలెలా ఉన్నారు అంటూ కాసేపు నానబెట్టి, ఆఖరికి అడిగాడు.

"అక్కా, నాన్నకి ఏ వయసులో మొదలైంది?"

ఏది మొదలైందని అక్క అడగలేదు.

"ఎక్కడున్నావు?"

"ల్యాబ్ దగ్గర."

"ఇంటికెళ్ళు. పొద్దున్నే వస్తున్నా."

అన్నట్టే, అతను గడ్డం సగం గీసుకుని ఉండగానే అక్క గుమ్మంలోకి వచ్చేసింది. చేతిసంచి భుజాన అలాగే ఉంది.

"ఏంటి వదినా, ఇంత పొద్దున్నే?" అంది అతని భార్య.

"నీ మొగుడు నీకేం చెప్పలేదా?"

"చెప్పలేదు. టీ సగం కప్పు తాగుతున్నారు, అర్ధరాత్రి లేచి కూర్చుంటున్నారు. నేను చూడట్లేదనుకుంటున్నారు. ఉద్యోగం పోయిందేమో, చెప్పలేక మింగుతున్నారేమో అనుకుని, ఆయనే నోరు విప్పుతారని ఎదురుచూస్తున్నా."

సబ్బు నురగతోనే అతను కుర్చీలో కూలబడి మొత్తం చెప్పాడు. మాటలు పెద్దగా అవసరం కాలేదు. చెయ్యి చాపి చూపించాడు, అంతే. అక్క తన చెయ్యి దాని పక్కనే చాపింది. రెండు చేతులూ ఒకే ముక్క నుంచి కత్తిరించినట్టు ఉన్నాయి.

"నేను చూపించుకున్నాను," అంది అక్క.

"ఏం చూపించుకున్నావు?"

"నరాల డాక్టర్‌కి. నాలుగేళ్ళ కిందట. ఒకరోజు చెంచా చేతిలోంచి జారిపడితే ప్రాణాలు పైకే పోయాయి. మీ బావకి కూడా చెప్పకుండా వెళ్ళాను. ఏం లేదన్నాడు."

"నాతో ఒక్క మాట చెప్పచ్చు కదక్కా!"

"ఎలా చెప్తాను? నీకా భయం లేదనుకున్నాను. లేని భయం నేనే తెచ్చి అంటించడం ఎందుకని…" వెంటనే అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "నీకూ ఉందని నాకేం తెలుసురా వెధవా!"

అతని భార్య తువ్వాలు తెచ్చి మొగుడి మొహం మీద నురగ తుడిచింది. ఆ తర్వాత అదే తువ్వాలుతో తన కళ్ళు తుడుచుకుంది. "సగం గడ్డంతో ఆసుపత్రికి వెళ్ళకండి, డాక్టర్ అసలు జబ్బు వదిలేసి ఇంకేదో అనుకుంటాడు," అంది.

ఆసుపత్రి వరండాలో ఒక పక్క భార్య, ఇంకో పక్క అక్క, మధ్యలో అతను. దొంగను పట్టుకొచ్చిన పోలీసుల్లా కూర్చున్నారు ఇద్దరూ. పేరు పిలిచాక ముగ్గురూ కలిసే లోపలికి వెళ్ళారు. తండ్రి సంగతి అక్క చెప్పింది. డాక్టర్ చేతులు చాపమన్నాడు. వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు. ఒక కప్పులో నీళ్ళు ఇంకో కప్పులోకి పొయ్యమన్నాడు. తర్వాత కాగితం ఇచ్చి, నడిమధ్య నుంచి బయటికి నత్త గుల్లలా గీత చుట్టుకుంటూ రమ్మన్నాడు.

అతను గీశాడు. పెన్ను కాగితాన్ని తాకాక అతనికి డాక్టర్ గుర్తులేడు, అక్క గుర్తులేదు. చుట్టు పక్కన చుట్టు, మధ్యలో సందు ఎక్కడా పెరక్కుండా తరక్కుండా పోయింది. డాక్టర్ ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"మీరేం చేస్తుంటారు?"

"పళ్ళు చేస్తానండి."

"తెలుస్తోంది. నేను గీసినా ఇంత బాగా రాదు." కాగితం బల్ల మీద పెట్టాడు. "చూడండి, మీ నాన్నగారిది ముందు ముందు మీకు రాదని నేను మాటివ్వలేను. ఇవాళ మాత్రం మీ చేతికి ఏ జబ్బూ లేదు. రోజుకి ఎన్ని టీలు తాగుతారు?"

"నాలుగైదండి."

"ఎనిమిది," అంది భార్య.

"తగ్గించండి. కడుపునిండా తిని, కంటినిండా పడుకోండి. కంగారు పడినా వేళ్ళు అదురుతాయి, దేన్నైనా గంటలకొద్దీ బిగించి పట్టుకున్నా అదురుతాయి. అసలు ఈ వణుకు మీకు ఎక్కువగా ఎప్పుడు తెలుస్తోంది?"

"స్టీరింగు పట్టుకున్నప్పుడండి."

"అయితే బండిని మెకానిక్‌కి చూపించండి," అన్నాడు డాక్టర్.

అక్క పకపకా నవ్వింది. నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు. వరండాలో కూర్చున్న రోగులంతా గుమ్మం వైపు తలలు తిప్పి చూశారు.

బయటికొచ్చాక ముగ్గురికీ ఎటు వెళ్ళాలో తోచలేదు. రోడ్డుకు అవతల చెప్పుల దుకాణం ముందు బెంచీ ఉంటే వెళ్ళి కూర్చున్నారు. బస్సులు పోతున్నాయి. దుకాణం కుర్రాడు చెప్పులు చూపించమంటారా అని అడిగి, వీళ్ళ వాలకం చూసి లోపలికి వెళ్ళిపోయాడు. అతని గుండెల మీది నుంచి కొండంత బరువు దిగింది కానీ, ఆ బరువు మోసీ మోసీ ఒళ్ళంతా పచ్చి పుండులా ఉంది. భార్య సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది. ఇద్దరూ చూస్తుండగా, ఒంటిచేత్తో, గటగటా తాగాడు. అక్క చూపు తిప్పుకోలేదు.

మర్నాడు ల్యాబ్‌లో అడుగుపెడుతూనే ముందు పళ్ళ ట్రే తన బల్ల మీదికి లాక్కున్నాడు. "కళ్ళు బాగయ్యాయా?" అన్నాడు ఓనర్. "బాగయ్యాయి సార్," అన్నాడు.

ఆదివారం వచ్చింది. స్టీరింగు ముందు కూర్చున్నాడు. మొదటి ల్యాపులోనే, ఏడో మలుపులో, స్టీరింగు ఎప్పట్లాగే గడగడా వణికింది. ఈసారి అతను భయపడలేదు. బండి ఆపి, రెండు చేతులూ వదిలేసి చూసుకున్నాడు. చేతులు గుండ్రాళ్ళలా కదలకుండా ఉన్నాయి. మరి వణుకుతున్నది ఏది?

లీగ్‌లో మొదటి స్థానం ఎప్పుడూ ఒకావిడదే. యాభై దాటిన మనిషి. ఇన్సూరెన్స్ ఆఫీసులో యాక్సిడెంట్ క్లెయిములు చూస్తుంది. లీగ్‌లో ఎక్కువమంది కుర్రాళ్ళు కావడంతో అందరికీ ఆవిడ పిన్ని. అతను హెడ్‌ఫోన్ తగిలించుకుని ఆవిడని పిలిచాడు.

"పిన్నీ, ఏడో మలుపులో నా స్టీరింగు ఎందుకు వణుకుతోంది?"

"అమ్మయ్య, ఇన్నాళ్ళకి అడిగావా! నీ బండి అక్కడ ఏడుస్తుంటే చూడలేక చస్తున్నా. పోటీలో ఉన్నవాళ్ళకి అడక్కుండా సలహాలిస్తే నన్ను కొడతారు. ఉండు, నీ ల్యాపూ నా ల్యాపూ పక్కపక్కన పెడతాను."

తెర మీద రెండు బళ్ళ గీతలు వచ్చాయి. ఎవరు ఎక్కడ బ్రేకు వేశారో, స్టీరింగు ఎంత తిప్పారో వాటిలో తెలుస్తుంది.

"ఇదిగో, ఇక్కడ నీ బండి తిరగడం మానేసింది. అప్పుడు నువ్వేం చేశావు?"

"ఇంకాస్త తిప్పాను."

"అప్పుడూ తిరగలేదు."

"ఇంకాస్త తిప్పాను."

"అది రానంటోంది, నువ్వు చెవి పట్టుకుని లాగుతున్నావు. ముందు టైర్లకి ఉండేదే పిడికెడు బలం. దాన్ని బ్రేకుకి వాడుకో, మలుపుకి వాడుకో. రెండూ నిండుగా ఒకేసారి కావాలంటే ఎక్కడి నుంచి తెస్తాయి? పట్టు జారి, రోడ్డు మీద గీరుకుంటూ పోతాయి. ఆ గీరుకోవడమే నీ స్టీరింగులోకి వణుకుగా వస్తోంది. నీ పాతదానికి అంత సత్తువ లేక చెప్పేది కాదు, కొత్తది చెప్తోంది."

అతను తన చేతులకేసి చూసుకున్నాడు.

"అంటే వణికేది టైర్లా?"

"మరి నీ చెయ్యి అనుకున్నావా?"

అతనికి నవ్వొచ్చింది. చిన్నగా మొదలై, పొట్ట పట్టుకునేదాకా పోయి, కళ్ళ వెంట నీళ్ళయింది. గుమ్మంలోంచి భార్య తొంగిచూసింది. పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఏమయ్యా, లైన్లో ఉన్నావా?" అంటోంది పిన్ని.

అప్పుడు ఆవిడకి అంతా చెప్పాడు. తండ్రి గురించి, సగం కప్పు టీ గురించి, డాక్టర్ చూపించమన్న మెకానిక్ గురించి.

"ఇన్నాళ్ళూ అదే అనుకుంటూ కూర్చున్నావా, పిచ్చి నాయనా," అంది పిన్ని, మెల్లగా. "కొడితే కొట్టారు, ముందే చెప్పాల్సింది నేను." "సరే, బండెక్కు. పొద్దంతా మలుపుల్లో గుద్దుకున్న వాళ్ళ ఫోటోలే చూసేదాన్ని, నీ ఫోటో కూడా చూడలేను."

మొదట బ్రేకు వేసే చోటు మార్పించింది. మలుపు ముందున్న తెల్ల బోర్డు దగ్గర కాదు, దానికంటే ఎంతో ముందు, వంతెన నీడ దగ్గర. దారి తిన్నగా ఉన్నప్పుడే బలంగా తొక్కమంది. ఆ తర్వాత స్టీరింగు తిప్పుతున్నకొద్దీ కాలు తీస్తూ రమ్మంది.

"ఠక్కున తీసేశావు. అలా కాదు. పాలు పొంగు మీదుంటే మంట తగ్గిస్తావే, అలా. కొంచెం బ్రేకు మిగిలితే బండి ముక్కు మీద బరువుంటుంది, ముందు టైర్లకి పట్టు దొరుకుతుంది."

"వంటింట్లో పాలు నేనెప్పుడూ పొంగించేవాణ్ణే పిన్నీ."

"ఈ మలుపులోనూ అదే పని చేస్తున్నావు. మళ్ళీ రా."

మళ్ళీ వచ్చాడు. ఈసారి బండి మరీ నెమ్మదిగా తిరిగింది. ల్యాపు సమయం ఇంకా పెరిగింది. ముసలాయన వాకింగుకి వెళ్తున్నట్టుందని గొణిగాడు.

"వెళ్ళనీ. నీ చూపెక్కడుంది?"

"బండి ముక్కు మీద. అప్పుడప్పుడు గడ్డి మీద."

"గడ్డిని చూస్తే గడ్డిలోకే పోతావు. మలుపు లోపలి అంచు చూడు. అది చేరబోతుండగానే చూపు అక్కణ్ణించి తీసి, బయటికి పోయే దారి చూడు. చేతులు చూపు వెనకే వస్తాయి. ఇంకో మాట, పన్ను చెక్కే కత్తి ఎలా పట్టుకుంటావు?"

"వదులుగా. బిగిస్తే మైనం విరుగుతుంది."

"మరి పాపం ఈ స్టీరింగు ఏం చేసిందని పీక పిసుకుతున్నావు?"

అతను వేళ్ళు వదులు చేశాడు. వంతెన నీడ వచ్చింది. బలంగా తొక్కాడు. తిప్పుతూ, కాలు కొద్దికొద్దిగా తేలుస్తూ, లోపలి అంచు మీది నుంచి చూపు తీసి దారి చివర పెట్టాడు. స్టీరింగు బరువెక్కింది. వణకలేదు. నిండు బిందె నడుం మీద కుదురుకున్నట్టు బండి ఆ మలుపులో కుదురుకుంది. ముక్కు దారివైపు తిరగ్గానే యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంతకుముందు ఆ చోట ఇంకా గడ్డితో కుస్తీ పడుతూ ఉండేవాడు. మలుపులో పోగొట్టుకున్నాననుకున్నదంతా తర్వాతి తిన్నని దారిలో వడ్డీతో సహా వెనక్కి వచ్చింది. ముగింపు గీత దాటాక తెర మీద చూస్తే, పాత స్టీరింగుతో అతను చేసిన మంచి ల్యాపుకంటే సెకనుకు పైగా తక్కువ.

"చూశావా," అంది పిన్ని. "ఇంక నీకేం చెప్పను. నా స్థానానికి ఎసరు పెట్టేలా ఉన్నావు."

ఆ వచ్చే ఆదివారం రేసుకి అక్క కూడా వచ్చింది. అతని సీటు వెనక స్టూలు వేసుకుని కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకుని కాలితో తొక్కింది. "మెల్లగారా, మెల్లగా!" అంటూనే, ముందు బండి కనబడితే "దాటెయ్ వాణ్ణి!" అని అరిచింది. ఆఖరి ల్యాపులో ఏడో మలుపు దగ్గర, అతని పక్కనున్న బండి బ్రేకు వెయ్యకుండా దూసుకొచ్చి, లోపలికి తిరగలేక వెడల్పుగా జారిపోయింది. దాని ముక్కు ఎందుకు రావట్లేదో అతనికి బాగా తెలుసు. లోపలి నుంచి మెత్తగా తిరిగి, ముందే పరుగందుకుని దాటేశాడు. నాలుగో స్థానంలో గీత దాటాడు. మొదటిది యథాప్రకారం పిన్నిదే.

"నాలుగేనా?" అంది అతని భార్య. "ఆ మొహం వెలుగు చూసి కప్పు గెలిచారేమో అనుకున్నాను."

"నాలుగు చాలు," అన్నాడు.

భోజనాలయ్యాక అక్క తానూ ఒకసారి నడుపుతానంది. సీటు ముందుకు జరిపించుకుని, చెప్పులు విడిచి కూర్చుంది. మొదటి మలుపులోనే నేరుగా గోడకి తగిలించి, ఎదురుగా గోడ ఎవడు పెట్టాడని తిట్టింది. వెంటనే తన వంతని భార్య తయారైంది. ఆపైన ఇద్దరూ వంతులు వేసుకున్నారు. అతను వాళ్ళిద్దరినీ వదిలేసి ముందు గదిలోకి వచ్చి, కిటికీ పక్క మంచం మీద ఒక్క నిమిషం అనుకుని నడుం వాల్చాడు. వెనక గదిలోంచి టైర్లు కీచుమంటున్నాయి. "బ్రేకు, వదినా, బ్రేకు!" "తొక్కానమ్మా, అదే ఆగట్లేదు!" అని అరుపులు. అవి వింటూనే అతను నిద్రలోకి జారిపోయాడు. సాయంత్రం దీపాలు వేసే వేళకి ఇద్దరూ వచ్చి చూస్తే, ఒక చెయ్యి మంచం అంచు మీంచి కిందికి వేలాడేసి, నోరు తెరుచుకుని, గుర్రు పెట్టి పడుకుని ఉన్నాడు. లేపడానికి ఇద్దరికీ మనసు రాలేదు.